ఆ ఒడ్డున డాక్టరు, ఈ ఒడ్డున లెక్కలు

విజయవాడలో ఇంటర్ చదివినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒకే కాలేజీ, ఒకే హాస్టల్, ఒకే మెస్. కానీ బైపీసీ వాడు ఒక లోకం, ఎంపీసీ వాడు ఇంకో లోకం. ‘నాకు లెక్కలంటే భయం, అందుకే బైపీసీ’ అని ఒకడంటాడు. ‘కప్పని కోయడం నావల్ల కాదు, అందుకే ఎంపీసీ’ అని ఇంకొకడంటాడు. పదహారేళ్ళ వయసులో కట్టిన ఈ గోడ డిగ్రీ అయిపోయి ఉద్యోగాల వేటలో పడ్డాక కూడా మన బుర్రలో అలాగే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా వినిపించే ఒక ప్రశ్న చూడండి. ‘స్కాన్‌లో ఏమీ కనిపించట్లేదన్నారు కదా డాక్టరు గారూ, ఇంకా ఇంజెక్షన్లు ఎందుకండీ?’ అడిగేది పేషెంటు కొడుకో కూతురో. దీనికి సరైన జవాబు బయాలజీ పుస్తకంలో కంటే లెక్కల పుస్తకంలోనే సూటిగా దొరుకుతుంది. ఆ జవాబు దగ్గరకు వెళ్ళేముందు ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. ఇద్దరూ 1947లోనే, ఒక నెల లోపు తేడాతో పుట్టారు. కృష్ణకు ఇటొకరు, అటొకరు.

మంటాడ నుంచి న్యూయార్క్‌కు

విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో ఉయ్యూరు దాటాక వచ్చే ఊరు మంటాడ. నోరి దత్తాత్రేయుడు ఆ ఊళ్ళో 1947 అక్టోబరు 21న పుట్టారు. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఉస్మానియాలో పీజీ. 1970ల్లో అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతిగా పనిచేశారు. హైదరాబాద్ బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పాటులోనూ ఆయన చెయ్యి ఉంది. 2015లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన్ను గణితవేత్త అనడం సరికాదు. ఆయన డాక్టరు, పేషెంట్ల మనిషి. కానీ ఆయన ఎంచుకున్న విభాగం ఎలాంటిదో చూస్తే, అందులో లెక్క రానిదే ఒక్క రోజు కూడా గడవదని తెలుస్తుంది.

మన పల్లెల్లో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. అందులో ఒక రకం బయటి నుంచి ఇచ్చేది. బ్రాకీథెరపీలో రేడియేషన్ ఇచ్చే గింజనే గడ్డ దగ్గరకు, ఒక్కోసారి గడ్డ లోపలికే పంపుతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇది చాలా ముఖ్యమైన చికిత్స. ఎక్కువగా వాడే ఇరిడియం-192 గింజ బియ్యపు గింజంత కూడా ఉండదు. దాని నుంచి 1 సెంటీమీటరు దూరంలో పడే డోసుతో పోలిస్తే 2 సెంటీమీటర్ల దగ్గర పడేది సుమారు నాలుగో వంతే. 3 సెంటీమీటర్లకు తొమ్మిదో వంతు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయిన విలోమ వర్గ నియమమే ఇది. గడ్డకు పక్కనే మూత్రాశయం, పేగు ఉంటాయి కాబట్టి గింజ కాస్త అటూ ఇటూ అయితే ఎవరికి ఎంత తగులుతుందో ఈ నియమమే చెబుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. ఇరిడియం రోజురోజుకీ నీరసించిపోతుంది. దాని అర్ధాయువు సుమారు 74 రోజులు. ఇవాళ ఒకామెకు 6 నిమిషాలు సరిపోయిన డోసుకు, అదే గింజతో 74 రోజుల తర్వాత 12 నిమిషాలు పెట్టాలి. రేపటికి ఎంత, ఎల్లుండికి ఎంత అన్నది రోజూ లెక్క కట్టాల్సిందే. ఒకప్పుడు ఇవన్నీ అచ్చేసిన పట్టికలు చూసి చేత్తో కట్టేవారు. నోరి తరం డాక్టర్లు పనిచేస్తుండగానే ఆ పని కంప్యూటర్ చేతికి వచ్చింది. ఏ చుక్క దగ్గర ఎంత డోసు పడుతుందో ముందే తెర మీద గీసి చూసుకోవడం అలవాటైంది.

25 రోజులా, 15 రోజులా?

రేడియేషన్‌లో అసలు లెక్క ఇంకోటి ఉంది. మొత్తం డోసు 60 గ్రే అనుకుందాం. రోజుకు 2 చొప్పున 30 సిట్టింగులు ఇవ్వచ్చు. రోజుకు 4 చొప్పున 15 సిట్టింగుల్లోనూ ముగించచ్చు. మొత్తం అదే కదా, తొందరగా అవగొడితే పోదా?

పోదు. డాక్టర్లు వాడే సూత్రం ప్రకారం మొత్తం డోసును ‘ఒకటి ప్లస్, ఒక సిట్టింగు డోసును ఆ కణజాలం నంబరుతో భాగిస్తే వచ్చేది’ అనే దాంతో గుణించాలి. చాలా గడ్డలకు ఆ నంబరు 10 దగ్గర, దెబ్బ ఆలస్యంగా బయటపడే మామూలు కణజాలానికి 3 దగ్గర తీసుకుంటారు. కాగితం మీద వేసి చూడండి. రోజుకు 2 గ్రే ఇస్తే గడ్డ మీద ప్రభావం 72, మంచి కణజాలం మీద 100. రోజుకు 4 ఇస్తే గడ్డ మీద 84, మంచి కణజాలం మీద 140. అంటే క్యాన్సర్‌కు అదనంగా తగిలిన దెబ్బ ఆరో వంతు మాత్రమే. ఒంటికి తగిలింది 40 శాతం. అందుకే వారాల తరబడి కొద్దికొద్దిగా పెడతారు.

అయితే రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ నంబరు 10 కాదు, అంతకంటే బాగా తక్కువ అన్న అనుమానం వచ్చింది. అదే నిజమైతే డోసు కాస్త తగ్గించి, తక్కువ రోజుల్లో ముగించినా నష్టం ఉండకూడదు. బ్రిటన్‌లో వేలమందితో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. 25 సిట్టింగుల్లో 50 గ్రే బదులు 15 సిట్టింగుల్లో 40 గ్రే ఇచ్చినా సరిపోతోందని తేలింది. ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. అవనిగడ్డ నుంచి రోజూ బస్సెక్కి విజయవాడ వచ్చి కరెంటు పెట్టించుకుని వెళ్ళే తల్లిని అడగండి. పది రోజుల చార్జీలు, పది రోజుల కూలి, తోడొచ్చిన కొడుక్కి పది రోజుల సెలవు. ఇవన్నీ ఒక భాగహారంలోని హారం మీద ఆధారపడ్డాయి.

గుంటూరు లెక్క

రెండో వ్యక్తి మతుకుమల్లి విద్యాసాగర్. 1947 సెప్టెంబరు 29న గుంటూరులో పుట్టారు. తండ్రి ఎం.వి.సుబ్బారావు సంఖ్యా శాస్త్రంలో పేరున్న గణితవేత్త. విద్యాసాగర్ అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో చదివి 1969లో, అంటే 22 ఏళ్ళు నిండే వయసుకే పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఆయన రంగం కంట్రోల్ సిద్ధాంతం. విమానమైనా రోబో అయినా తడబడకుండా ఎలా నడపాలో లెక్కగట్టే శాస్త్రం. కెనడాలో ప్రొఫెసర్‌గిరీ, 1989 నుంచి బెంగళూరులో డీఆర్‌డీఓ వారి కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి డైరెక్టర్, 2000 నుంచి హైదరాబాద్ టీసీఎస్‌లో ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్.

ఇంతవరకూ వింటే మనకు తెలిసిన పెద్దమనుషుల కథే. 2009లో టీసీఎస్ నుంచి బయటికొచ్చారు. మనవాళ్ళు మనవళ్ళను ఆడించుకునే వయసులో ఆయన డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్ళి క్యాన్సర్ మొదలుపెట్టారు. కొత్త సబ్జెక్టు, కొత్త భాష, చుట్టూ డాక్టర్లు. 2012లో ఆ విషయం మీద పుస్తకం వచ్చింది. అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. తర్వాత ఐఐటీ హైదరాబాద్‌కు వచ్చారు. 2020లో కరోనా లెక్కల కోసం కేంద్రం వేసిన సూపర్ మోడల్ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే.

అక్కడ ఆయన పట్టుకున్న సమస్య ఏమిటంటే, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ ఉన్న ఒకామెకు ఆపరేషన్ చేయాలి. పక్కనున్న లింఫ్ గ్రంథులకు కూడా వ్యాధి పాకిందా లేదా? తెలియకపోతే వాటినీ తీసేస్తారు. తీసేస్తే కొందరికి జీవితాంతం కాళ్ళ వాపు ఉంటుంది. గడ్డలో ఉండే కొన్ని చిన్న అణువుల్ని కొలిచి ముందే చెప్పగలమా? ఇక్కడ చిక్కు మామూలుది కాదు. పేషెంట్లు పదుల్లోనే ఉంటారు, ఒక్కొక్కరి నుంచి కొలిచేవేమో వందలు, వేలు. సమీకరణాలు కొన్నే ఉండి తెలియని రాశులు బోలెడు ఉంటే ఏమవుతుందో ఎంపీసీ వాళ్ళకు తెలుసు. ఎన్ని జవాబులు కావాలంటే అన్ని వస్తాయి, ఏదీ నమ్మలేం. ఆ వేలల్లోంచి నిజంగా పనికొచ్చే గుప్పెడు కొలతల్ని మాత్రమే ఏరే పద్ధతిని విద్యాసాగర్ బృందం డాక్టర్లతో కలిసి తయారుచేసింది. దానికి ‘లోన్ స్టార్’ అని పేరు. టెక్సాస్‌కు అదే ముద్దుపేరు లెండి.

స్కాన్‌లో లేదు, లెక్కలో ఉంది

ఇప్పుడు ఆ కొడుకు అడిగిన ప్రశ్న దగ్గరకు వద్దాం.

ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇలా 30 సార్లు రెట్టింపైతే 107 కోట్లు దాటుతాయి. అది సుమారు ఒక గ్రాము గడ్డ. చేతికి తగిలేది అప్పుడే. ఇంకో పదిసార్లు రెట్టింపైతే కిలో. అంటే మనకు గడ్డ ‘కొత్తగా’ కనిపించేసరికి దాని ప్రయాణంలో ముప్పాతిక వంతు అయిపోయింది.

కీమో మందు ఒక్కో విడతలో ఇన్ని కోట్ల కణాలు అని కాకుండా ఇంత శాతం అని చంపుతుంది. లెక్క సులువు కోసం 99 శాతం అనుకుందాం. వంద కోట్లలో ఒక విడతకు కోటి మిగులుతాయి. కోటి కణాలంటే పది మిల్లీగ్రాములు, స్కాన్‌లో పట్టుకోవడం కష్టం. ఇంట్లో అందరూ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది అప్పుడే. కానీ రెండో విడతకు లక్ష, మూడో విడతకు వెయ్యి, నాలుగో విడతకు పది ఇంకా ఉన్నాయి. ఆ కోటి దగ్గర ఆపేస్తే మళ్ళీ వంద కోట్లు కావడానికి ఏడు రెట్టింపులు చాలు.

నోరి పనిచేసిన ఆ మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లోనే లారీ నార్టన్ అనే డాక్టరు ఈ లెక్కను ఇంకో మెట్టు ఎక్కించారు. రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను చూస్తూనే గణిత నమూనాలు రాసిన మనిషి. ఆయన వాడిన సూత్రం ఎక్కడిదనుకున్నారు? 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే లండన్ ఇన్సూరెన్స్ లెక్కల నిపుణుడు మనుషుల మరణాల కోసం రాసింది. దాన్ని గడ్డలకు పెడితే తేలేదేమిటంటే, గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే శరవేగంగా పెరుగుతుంది, పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు కీమోతో చిన్నదైపోయిన గడ్డకు మూడు వారాలు గడువిస్తే అది గబగబా పుంజుకుంటుంది. గణాంకవేత్త రిచర్డ్ సైమన్‌తో కలిసి నార్టన్ 1977లో ఈ ఆలోచనను ప్రకటించారు. మందు పెంచక్కర్లేదు, విడతల మధ్య ఎడం తగ్గిస్తే చాలన్నది దాంట్లోంచి పుట్టిన మాట. పరీక్షకు నిలబడడానికి పాతికేళ్ళు పట్టింది. రెండు వేలమందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. అవే మందులు మూడు వారాలకు బదులు రెండు వారాలకోసారి ఇస్తే వ్యాధి తిరగబెట్టే ముప్పు 26 శాతం తగ్గింది.

పత్తి రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇంకో ఉదాహరణ. ఒకే మందు కొట్టి కొట్టి పురుగుకు అలవాటైపోతే ఏమవుతుందో గుంటూరు జిల్లాలో ఎవరికి తెలియదు? మందుకు లొంగే పురుగులన్నీ చచ్చి, లొంగని మొండి పురుగులకు చేనంతా వదిలేసినట్టవుతుంది. అమెరికాలో ఫ్లోరిడాలోని మోఫిట్ క్యాన్సర్ కేంద్రంలో రాబర్ట్ గేటెన్‌బీ అనే రేడియాలజిస్టు సరిగ్గా ఈ పురుగుల లెక్కనే ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పెట్టారు. రక్తంలో పీఎస్‌ఏ సగానికి పడగానే మందు ఆపడం, మళ్ళీ మొదటి స్థాయికి రాగానే ఇవ్వడం. లొంగే కణాల్ని కొన్ని బతకనిస్తే అవే మొండి కణాలకు అడ్డుపడతాయని ఊహ. 2017లో 11 మందితో చేసిన తొలి ప్రయత్నంలో మామూలు డోసులో సగం కంటే తక్కువ మందుతోనే వ్యాధి ఎక్కువ కాలం అదుపులో ఉంది. 11 మందంటే చాలా చిన్న సంఖ్య. ఇది చదివి ఇంట్లో తాతగారి మాత్రలు ఆపించకండి.

ఒక్క వరస జరిగితే

లెక్క ఎంత మేలు చేస్తుందో అంత కీడూ చేస్తుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ బృందం ఒకటి, జన్యువుల్ని చూసి ఏ పేషెంటుకు ఏ కీమో పనిచేస్తుందో చెప్పగలమని 2006లో ప్రకటించింది. దేశమంతా మోగిపోయింది. హ్యూస్టన్‌లోని ఎండీ యాండర్సన్ ఆసుపత్రిలో కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ఆ ఫలితాన్ని మళ్ళీ రాబట్టాలని కూర్చున్నారు. రాలేదు. తవ్వితే పట్టికలో జన్యువుల పేర్లు ఒక వరస కిందికి జరిగి ఉన్నాయి. మందు పనిచేసినవాళ్ళూ చేయనివాళ్ళూ కొన్నిచోట్ల తారుమారై ఉన్నారు. ఈలోగా ఆ లెక్కను నమ్మి నిజమైన పేషెంట్లకు మందులు ఎంచే ట్రయల్స్ నడిచిపోయాయి. 2010లో వాటిని ఆపారు. తర్వాతి విచారణలో అది పొరపాటే కాదు, తప్పుడు డేటా కూడా అని తేలింది.

ఎక్సెల్ షీట్ ఎవరైనా నింపుతారు, దాంట్లో ఏముందిలే అనుకునే మనవాళ్ళు ఈ కథ ఒకసారి గుర్తుంచుకుంటే మంచిది.

మరి ఉద్యోగం?

అసలు సంగతికొద్దాం. ‘గణిత ఆంకాలజిస్టు కావలెను’ అని మన దగ్గర పేపర్లో ప్రకటన రాదు. పరిశోధన పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ దానికి పక్కనే, నెల జీతం వచ్చే తలుపులు కొన్ని ఉన్నాయి. నా అభిప్రాయంలో మనవాళ్ళు బాగా చిన్నచూపు చూసేది మొదటిదాన్ని.

మెడికల్ ఫిజిసిస్టు. పైన చెప్పిన ఇరిడియం లెక్క, సిట్టింగుల లెక్క రోజూ కట్టేది వీళ్ళే. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ నిబంధనల ప్రకారం రేడియేషన్ చికిత్స ఇచ్చే ఆసుపత్రికి మెడికల్ ఫిజిసిస్టు తప్పనిసరి. డిగ్రీలో ఫిజిక్స్ ముఖ్య సబ్జెక్టుగా ఉండాలి. తర్వాత ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ కానీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా కానీ చేయాలి. డిప్లొమాకు ముంబయిలోని బార్క్ పేరున్న చోటు. ఎమ్మెస్సీకి ఉస్మానియా, చెన్నై అన్నా యూనివర్సిటీలు ఉన్నాయి. కోర్సు తర్వాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ అర్హత పరీక్ష కూడా ఉంటాయి. చేరేముందు ఆ కోర్సుకు ఏఈఆర్‌బీ గుర్తింపు ఉందో లేదో మండలి వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. బ్రోషర్ మీద నమ్మకం వద్దు. బీటెక్ వాళ్ళకు ఈ తలుపు నేరుగా తెరుచుకోదు, అదొక్కటే బాధ.

బీఎస్సీ స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ వాళ్ళకు బయోస్టాటిస్టిక్స్ ఉంది. నాగార్జున, ఆంధ్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయచ్చు. బయోస్టాటిస్టిక్స్‌లోనే ఎమ్మెస్సీ కావాలంటే వెల్లూరు సీఎంసీ. హైదరాబాద్ ఫార్మా, క్లినికల్ రీసెర్చ్ కంపెనీల్లో క్లినికల్ శాస్ ప్రోగ్రామర్ ఉద్యోగాలున్నాయి. అయితే అమీర్‌పేటలో మూడు నెలలు శాస్ నేర్చుకుని, సర్వైవల్ అనాలిసిస్ అంటే ఏమిటో తెలియకుండా ఇంటర్వ్యూకు వెళితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఎంబీబీఎస్ వాళ్ళకు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో డాక్టర్ల కోసమే మూడేళ్ళ మాస్టర్స్ కోర్సు ఉంది, ఎంఎంఎస్‌టీ అంటారు. డాక్టర్లను ఇంజినీర్ల పక్కన కూర్చోబెట్టే చోటు. ఇంకా చదువుతున్నవాళ్ళు ఐసీఎంఆర్ ఇచ్చే స్వల్పకాలిక విద్యార్థి పరిశోధనకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంజినీర్లకు గేట్ రాసి వెళ్ళే దారి ఉండనే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో మోహిత్ కుమార్ జాలీ బృందం క్యాన్సర్ కణాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా పాకుతాయో గణిత నమూనాలతో చూస్తోంది. ఆయన చదివింది ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగే.

ఇక మీ తమ్ముడో చెల్లెలో ఇంటర్‌లో చేరబోతుంటే, మన బోర్డు లెక్కలూ బయాలజీ రెండూ తీసుకునే ఎంబైపీసీకి ఇప్పుడు వీలు కల్పించింది. ఒకసారి ఆలోచించమనండి.

మీకు మాత్రం ఈ ఆదివారానికి ఒక పని. ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో ‘సర్వైవల్’ అనే ప్యాకేజీ కూడా ఉచితం. అందులో ‘లంగ్’ అని ఒక డేటా ఉంటుంది. 228 వరసలు, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 228 మంది. వాళ్ళలో 165 మంది అధ్యయనం ముగిసేలోపే పోయారు. మగవాళ్ళకు ఒక గీత, ఆడవాళ్ళకు ఒక గీత గీయండి. ఆడవాళ్ళ గీత పైన ఉంటుంది. ఆ తేడా యాదృచ్ఛికమా కాదా అని లాగ్-ర్యాంక్ పరీక్షతో అడిగితే 0.001 అని వస్తుంది. కొత్త క్యాన్సర్ మందు పాతదానికంటే మెరుగా అని తేల్చడానికి ప్రపంచమంతా వాడే పరీక్ష ఇది. ఇది గణాంకశాస్త్రంలో స్కోర్ టెస్టులు అనే కుటుంబానికి చెందింది. ఆ స్కోర్ టెస్టును 1948లో ప్రవేశపెట్టిన సి.ఆర్.రావు నూజివీడు, నందిగామ బళ్ళలో చదువుకున్నారు.